జంతువుల నుంచి కొత్త వైరస్‌లు మనకు చేరే దారులను మూసివేయడం ఎలా

నిపా, ఎబోలా, హంటా, మెర్స్, బర్డ్ ఫ్లూ వంటి పేరు ఒకటి వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అందరూ ముందుగా అడిగేది అది ఏ జంతువు నుంచి వస్తుందని. జవాబు తెలిసినా ఆచరణలో పనికొచ్చేది పెద్దగా దొరకదు. గబ్బిలం అని తెలిస్తే గబ్బిలాన్ని చూసి భయపడతాం, అంతే. ఆ జంతువు శరీరం నుంచి వెలువడిన ఏ పదార్థం ఏ దారిన నా శరీరంలోకి చేరగలదన్నది అడగవలసిన ప్రశ్న. ఆ పదార్థం లాలాజలం కావచ్చు, మూత్రం, రక్తం, పాలు, ఉమ్మనీరు, లేదా ఎండిన పెంటికల ధూళి కావచ్చు. అది లోపలికి చేరేది గాయం గుండా, కంటి గుండా, ముక్కు గుండా, నోటి గుండా, లేదా రక్తం పీల్చే పురుగు కాటు ద్వారా. కొత్త వైరస్‌లు పుడుతూనే ఉంటాయి గానీ అవి వాడుకునే దారులు మాత్రం ఈ కొన్నే. పశువులను, కోళ్లను పెంచేవారు, మాంసం కోసేవారు, మూతపడి ఉన్న గదులను శుభ్రం చేసేవారు, అడవి అంచున తిరిగేవారు, ఇంట్లో పెంపుడు జంతువులున్నవారు ఆ దారులను ఎలా మూయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మలేషియాలో 1998 చివర మొదలైన నిపా వ్యాప్తి ఈ తేడాను స్పష్టంగా చూపిస్తుంది. పందుల పెంపకందారులకు జ్వరం, మెదడువాపు రావడంతో అధికారులు మొదట దానిని దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌గా భావించి, దోమల మందు కొట్టించి, టీకాలు వేయించారు. అయినా జబ్బు ఆగలేదు. టీకా వేయించుకున్నవారు కూడా మంచాన పడ్డారు. పిల్లలకన్నా, పందులను స్వయంగా పట్టుకుని పనిచేసే పెద్దవారికే ఎక్కువగా సోకింది. అదే సమయంలో పందులు పెద్దగా దగ్గుతూ జబ్బుపడ్డాయి. దోమ మనిషిని చూసి కుట్టదు కాబట్టి, దారి దోమ కాదని ఈ ఆనవాళ్లే చెబుతున్నాయి. 1999 మార్చిలో కా బింగ్ చువా అనే వైరాలజిస్టు రోగి నమూనా నుంచి ఒక కొత్త వైరస్‌ను వేరుచేసిన తరువాతే నివారణ చర్యలు దోమలను వదిలి పందుల వైపు మళ్లాయి. కొట్టాల పక్కన పెంచిన పండ్ల చెట్లకు పండ్లు తినే పెద్ద గబ్బిలాలు వచ్చేవి. అవి కొరికి వదిలేసిన పండ్లు కొట్టాల్లో పడితే పందులు తిన్నాయి, పందుల స్రావాల నుంచి మనుషులకు సోకింది. 100 మందికి పైగా చనిపోయారు, పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. నా దృష్టిలో ఇందులో అన్నింటికన్నా పనికొచ్చే పాఠం చెట్టుకూ కొట్టానికీ మధ్య ఉండవలసిన దూరం గురించి. పశువుల పాకపైకి వాలే పండ్ల చెట్టు ఉంటే కొమ్మలు కొట్టించడమో, పాక కప్పును పక్కకు పొడిగించడమో, రాలిన పండ్లను పశువులు చేరకముందే ఏరివేయడమో చేయాలి.

ఇంకొక సంగతి మొదటే చెప్పాలి. జంతువు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన భరోసా లేదు. క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరపు వైరస్ రక్తంలో ఉన్నప్పుడు కూడా ఆవులు, గొర్రెలు, మేకలు సాధారణంగా ఏ లక్షణమూ చూపవు. మెర్స్ వైరస్ ఉన్న ఒంటెకు మహా అయితే కాస్త ముక్కు కారుతుంది, అదే వైరస్ సోకినట్టు నిర్ధారణ అయిన మనుషుల్లో దాదాపు 35 శాతం మంది చనిపోయారు. అందువల్ల జబ్బు జంతువు దగ్గర మాత్రమే జాగ్రత్త పడతానంటే కుదరదు. రక్తం, మాయ, పచ్చి పాలు, మలమూత్రాలతో చేసే పని ఏదైనా సరే, ఎప్పుడూ ఒకే పద్ధతిలో చేయడం అలవాటు కావాలి.

ఎలుకలు తిరిగిన గదిని శుభ్రం చేయడం

ఈ పనిని వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ మన సహజమైన అలవాటే ప్రమాదకరం. చాలాకాలం మూసి ఉన్న గిడ్డంగి తలుపు తీయగానే ఎవరైనా ముందు చీపురు అందుకుంటారు. హంటా వైరస్‌లు ఎలుకల మూత్రం, పెంటికలు, లాలాజలంలో ఉంటాయి. అవి ఎండిన తరువాత చీపురుతో ఊడ్చినా, వాక్యూమ్ క్లీనర్ పెట్టినా సన్నని ధూళిగా లేచి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో, ఆరోగ్యంగా ఉన్న యువకులు కొద్ది రోజుల్లోనే ఊపిరాడక చనిపోవడంతో అక్కడి హంటా వైరస్ బయటపడింది. అంతకుముందు వానలు బాగా కురిసి, గింజలు విరివిగా కాసి, అక్కడి జింక చిట్టెలుకల సంఖ్య విపరీతంగా పెరిగింది. ఊపిరితిత్తులను దెబ్బతీసే ఈ రకం సోకినవారిలో మూడో వంతుకు పైగా చనిపోతారు, దీనికి ప్రత్యేకమైన మందు లేదు.

గది తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి, కనీసం అరగంట సేపు బయటే ఉండాలి. ఆ తరువాత రబ్బరు చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లాలి. పెంటికలు కుప్పలుగా ఉన్నా, గది ఇరుకుగా ఉన్నా ముఖానికి బిగువుగా అంటుకునే ఎన్95 మాస్కు తప్పనిసరి, గుడ్డ మాస్కు ఈ ధూళిని ఆపలేదు. ఒక పాలు ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, ఆ ద్రావణాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. దానిలో ఆమ్లం గానీ, అమ్మోనియా ఉన్న మరే క్లీనర్ గానీ కలిపితే విషవాయువు వెలువడుతుంది. పెంటికలు, మూత్రపు మరకలు, గూళ్లు పూర్తిగా నానేలా ఈ ద్రావణాన్ని మెల్లగా చల్లాలి, ధార గట్టిగా కొడితే అదే ధూళిని లేపుతుంది. ఐదు నిమిషాలు ఆగి, కాగితపు తువ్వాళ్లతో తుడిచి ఎత్తి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మరో సంచిలో పెట్టి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయాలి. చచ్చిన ఎలుకనూ ఇలాగే తడిపిన తరువాతే తీయాలి. చివరగా నేలను, అరలను అదే ద్రావణంతో తుడవాలి.

తొడుగులు తీసే క్రమంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. తొడుగులు చేతికి ఉండగానే సబ్బుతో గానీ, బ్లీచ్ ద్రావణంతో గానీ కడగాలి. ఒక తొడుగును మణికట్టు దగ్గర బయటి వైపు పట్టుకుని, లోపలి భాగం బయటికి వచ్చేలా తిరగదీసి, తొడుగు ఉన్న చేతి గుప్పిట్లో ఉంచుకోవాలి. తరువాత ఖాళీ చేతి వేలిని రెండో తొడుగు లోపలికి దూర్చి, దానిని కూడా తిరగదీస్తే మొదటిది రెండో దాని లోపల చుట్టుకుపోతుంది. ఆ వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అప్పటివరకు ముఖాన్ని, ఫోన్‌ను తాకకూడదు.

ఎలుక మళ్లీ రాకుండా చేయకపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. పైపులు గోడలోకి వెళ్లే చోట, తలుపు కింద, కిటికీ మూలల్లో స్టీలు పీచు కూరి సిమెంటుతో పూడ్చాలి. దాణా, ధాన్యం గట్టి మూత గల డబ్బాల్లో ఉండాలి.

గబ్బిలాలను చంపవద్దు, దూరంగా ఉంచండి

గబ్బిలాల గుంపును చంపేస్తే పీడ పోతుందన్న ఆలోచన సహజమే అయినా ఫలితం తారుమారు కావచ్చు. ఉగాండాలోని కిటాకా గనిలో 2007లో కార్మికులకు ఎబోలాకు దగ్గరి బంధువైన మార్బర్గ్ వైరస్ సోకడంతో అక్కడి గబ్బిలాలను వేల సంఖ్యలో చంపివేశారు. కొన్నేళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. 2012లో పరీక్షించగా వాటిలో వైరస్ ఉన్నవాటి శాతం మునుపటి కంటే రెట్టింపుకు పైగా ఉంది, అదే ఏడాది ఆ గనికి సమీపంలోనే మళ్లీ మార్బర్గ్ ప్రబలింది. పాత గబ్బిలాల్లో చాలావాటికి అప్పటికే వైరస్ సోకి నిరోధకత ఏర్పడి ఉంటుంది. అవి పోయిన చోటికి ఎన్నడూ వైరస్ ఎరుగని పిల్లలు, కొత్తవి చేరితే వైరస్‌కు తాజా ఆశ్రయం దొరుకుతుంది. పైగా గబ్బిలాలు పురుగులను తింటాయి, పూలకు పరాగసంపర్కం చేస్తాయి, విత్తనాలను వెదజల్లుతాయి. వాటిని పోగొట్టుకుంటే నష్టపోయేది మనమే.

చేయగలిగింది వాటికీ మన నోటికీ మధ్య అడ్డు పెట్టడం. చెట్టు నుంచి రాత్రిపూట పాత్రలో సేకరించే తీపి రసాన్ని పచ్చిగా తాగకూడదు. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి పదేపదే వస్తున్న నిపాకు ముఖ్య కారణం గబ్బిలాలు నాకి, మూత్రం పోసిన ఖర్జూరపు రసమే. అక్కడ గీత పెట్టిన చోటును, కుండ మూతిని వెదురు తడికతో కప్పి చూడగా, రాత్రి కెమెరాలలో గబ్బిలాలు రసాన్ని ముట్టలేకపోవడం కనిపించింది. పంటి గాట్లు, గోటి గాట్లు ఉన్న పండును ఆ భాగం కోసేసి తినడం కాదు, మొత్తం పారవేయాలి. మిగతా పండ్లను కడిగి, తొక్క తీసి తినాలి. బావులను, నీటి తొట్లను కప్పి ఉంచాలి. గబ్బిలాలు వేలాడే గుహల్లోకి, గనుల్లోకి సరదాకు వెళ్లడం మానాలి. నేలమీద పడి ఉన్న గబ్బిలాన్ని పిల్లలు చేత్తో తీయకుండా ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఎగరలేని స్థితిలో ఉన్న గబ్బిలానికి రేబిస్ ఉండే అవకాశం మామూలు గబ్బిలం కంటే ఎక్కువ.

పశువులు, కోళ్ల దగ్గర పనిచేసేటప్పుడు

చేతులు కడుక్కోవాలని అందరికీ తెలుసు, కళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలినప్పుడు, వైరస్ పొదుగులో విపరీతంగా పెరిగి పాలలోకి వస్తోందని బయటపడింది. అక్కడ సోకిన పనివారిలో చాలామందికి కనిపించిన ప్రధాన లక్షణం కళ్లు ఎర్రబడటం. పాలు పితికేటప్పుడు చిందిన చుక్క కంట్లో పడటమో, పాలంటిన చేత్తో కన్ను నులుముకోవడమో అందుకు దారి అయి ఉండవచ్చు. పచ్చి పాలు తాగిన పిల్లులు చనిపోయాయి. జబ్బు పశువు దగ్గర, లేదా చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ ఉన్నప్పుడు పక్కలనుంచి కూడా మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోవాలి, మామూలు కళ్లజోడు చాలదు. పాలు ఎప్పుడూ మరిగించి లేదా పాశ్చురైజ్ చేసినవే తాగాలి, పెంపుడు జంతువులకు పోసేవీ అంతే.

కోళ్లు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చనిపోతే వాటిని కోసి తినడం గానీ, అమ్మేయడం గానీ, కాలువలో పారవేయడం గానీ చేయకూడదు. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 మొదటిసారి మనుషులకు సోకి, 18 మందిలో ఆరుగురు చనిపోయారు. ఆ వ్యాప్తిని ఆపడానికి దాదాపు 15 లక్షల కోళ్లను వధించారు. 2003 తరువాత ప్రపంచవ్యాప్తంగా నమోదైన 900కు పైగా మానవ కేసుల్లో దాదాపు సగం మంది మరణించారు, వారిలో అత్యధికులు జబ్బుపడిన లేదా చచ్చిన కోళ్లను ముట్టుకున్నవారు. బాతులతో కోళ్లను కలిపి పెంచకపోవడం, అడవి పక్షులు వాలే చెరువు నీటిని కోళ్లకు పెట్టకపోవడం, షెడ్డులోకి వెళ్లడానికి వేరే చెప్పులు, వేరే బట్టలు కేటాయించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు. వీటన్నింటిలో నేను ముందు ఎంచుకోమనేది చెప్పులనే, వైరస్ ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు వెళ్లేది ఎక్కువగా కాళ్లకు అంటిన రెట్టతోనే కాబట్టి.

పశువు ఈనేటప్పుడు, ముఖ్యంగా నెలలు నిండకుండానే ఈసుకుపోయినప్పుడు, ఒట్టి చేతులతో సాయం చేయకూడదు. మోచేతి పైదాకా వచ్చే తొడుగులు, ముందు కట్టుకునే ప్లాస్టిక్ ఏప్రన్, మాస్కు ఉండాలి. మాయను, చచ్చిన పిల్లను కుక్కలు లాగకుండా లోతుగా పాతిపెట్టాలి. మందలో చాలా గొర్రెలు ఒకేసారి ఈసుకుపోతే అది రిఫ్ట్ వ్యాలీ జ్వరం కావచ్చు. ఆ వైరస్ దోమల ద్వారా పశువులకు సోకినా, మనుషులకు ఎక్కువగా చేరేది పశువుల రక్తం, లోపలి అవయవాలను తాకడం వల్లనే. గర్భిణులను ఈ పనులకు పూర్తిగా దూరంగా ఉంచాలి. మాంసం కోసేవారు చేతిమీద చిన్న గీత ఉన్నా నీరు చొరని పట్టీ వేసి, పైన తొడుగు వేసుకోవాలి. మాంసంలో ప్రతి భాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడికితే ఫ్లూ వైరస్ చచ్చిపోతుంది. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం వైరస్ చావదు సరికదా, మరింత కాలం నిలుస్తుంది.

పిడుదులు

పొదల్లోకి, పశువుల మధ్యకు వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా, మేజోళ్లలోకి దోపిన ప్యాంటు వేసుకుని, తిరిగి వచ్చాక చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, జుట్టు మొదళ్లలో వెతకాలి. పిడుదు కరచి ఉంటే సన్నని మొన గల ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, నెమ్మదిగా నిటారుగా పైకి లాగాలి. నూనె పోయడం, నిప్పుతో కాల్చడం వల్ల అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. పశువు ఒంటిమీది పిడుదులను పీకి గోళ్లతో నలపడం చాలామంది అలవాటు. క్రిమియన్-కాంగో వైరస్‌కు అంతకంటే తేలికైన దారి లేదు.

కాటు, గీరు

రేబిస్ కొత్త వైరస్ కాదు. అయినా కుక్క, కోతి, గబ్బిలం, మరే అడవి జంతువు కరిచినా, గీరినా మొదట చేయవలసిన పని రేబిస్ నేర్పినదే. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే పదిహేనయినట్టు అనిపిస్తుంది. తరువాత పోవిడోన్ అయోడిన్ రాయాలి, పసర్లు, పొడులు, నూనెలు ఏవీ పూయకూడదు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి, గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ యాంటీబాడీల మందు) కూడా కావాలి. గబ్బిలం పళ్లు చాలా చిన్నవి, గాటు కంటికి కనిపించకపోవచ్చు. అందువల్ల నిద్రలేచేసరికి గదిలో గబ్బిలం ఉంటే, గాయం కనిపించలేదని ఊరుకోకుండా వైద్యుడిని సంప్రదించాలి.

మన నుంచి వాటికి

దారి రెండు వైపులా తెరిచే ఉంటుందన్న సంగతి తక్కువమందికి తోస్తుంది. 2020లో డెన్మార్క్‌లో మనుషుల నుంచి కోవిడ్ వైరస్ బొచ్చు కోసం పెంచే మింక్‌లకు సోకి, వాటిలో మార్పులు చెంది, తిరిగి మనుషులకు చేరింది. ప్రభుత్వం దేశంలోని దాదాపు 1.7 కోట్ల మింక్‌లను చంపమని ఆదేశించింది. మనిషి ఫ్లూ, పక్షి ఫ్లూ రెండూ ఒకే పందిలో లేదా ఒకే మనిషిలో కలిస్తే జన్యువులు మార్చుకుని కొత్త రకం పుట్టవచ్చు. 2009లో ప్రపంచాన్ని చుట్టిన హెచ్1ఎన్1 పందుల్లో తిరిగిన ఫ్లూ రకాల జన్యువుల కలయికే. కాబట్టి జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో పశువుల పని మరొకరికి అప్పగించాలి, తప్పకపోతే మాస్కు పెట్టుకోవాలి. కోళ్లు, పందుల దగ్గర పనిచేసేవారు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది. ఆ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు, రెండు వైరస్‌లు ఒకే శరీరంలో కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది.

జ్వరం వస్తే వైద్యుడికి ఏం చెప్పాలి

ఈ వ్యాధులన్నీ మొదట్లో ఒకేలా ఉంటాయి. జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి చూసి ఎంత అనుభవం ఉన్న వైద్యుడైనా నిపాను ఊహించలేడు. హంటా వల్ల తొడలు, తుంట్లు, వీపు నొప్పులతో మొదలై, నాలుగు నుంచి పది రోజుల తరువాత గానీ ఆయాసం రాదు. కాబట్టి ఆ సమాచారం మీరే ఇవ్వాలి. ఏ జంతువును, ఏ తేదీన, ఎలా తాకారో, అది జబ్బుపడిందా, చనిపోయిందా, మీతోపాటు ఇంకెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లాలి. "కోళ్ల దగ్గర పనిచేస్తాను" అనడం కంటే "గత ఆదివారం చచ్చిన కోళ్లను తొడుగులు లేకుండా సంచుల్లో వేశాను" అన్న వాక్యం వైద్యుడికి ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది. బర్డ్ ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది, అందువల్ల రెండు రోజులు చూద్దామనుకోవడం ఇక్కడ నష్టం. వైరస్‌ల మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు.

ఎన్ని రోజులు కనిపెట్టుకుని ఉండాలన్నది వైరస్‌ను బట్టి మారుతుంది. బర్డ్ ఫ్లూకు సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు, నిపాకు 4 నుంచి 14 రోజులు, అరుదుగా 45 రోజుల వరకు, హంటాకు ఒకటి నుంచి ఎనిమిది వారాలు, రేబిస్‌కు ఎక్కువగా రెండు మూడు నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకుని రాసిపెట్టుకోవాలి.

ఆసుపత్రికి వెళ్లే ముందు ఫోన్ చేసి విషయం చెప్పి, మాస్కు పెట్టుకుని, రద్దీగా ఉండే నిరీక్షణ గదిలో కూర్చోకుండా వెళ్లాలి. 2018లో కేరళలో నిపా సోకినవారిలో మొదటి రోగి తప్ప మిగతావారందరికీ మనుషుల నుంచే సోకింది, అదీ ఎక్కువమందికి ఆసుపత్రుల్లోనే. ఇంట్లో రోగికి సేవ చేసేవారు ఒక్కరే ఉండాలి, వాంతి, మూత్రం, ఉమ్మి అంటిన గుడ్డలను తొడుగులతో తీసి బ్లీచ్ నీటిలో నానబెట్టాలి. అనుమానం ఉన్న వ్యక్తి మరణిస్తే శరీరాన్ని కడగడం, హత్తుకోవడం కుటుంబసభ్యులు చేయకుండా ఆరోగ్య సిబ్బందికి అప్పగించాలి. పశ్చిమ ఆఫ్రికాలో 2014 నుంచి 2016 వరకు 11,000 మందికి పైగా ప్రాణాలు తీసిన ఎబోలా, అంత్యక్రియల సమయంలో శరీరాన్ని తాకినవారి ద్వారా విస్తృతంగా వ్యాపించింది.

వైద్యుడికి ఇచ్చిన కాగితం నకలును పశువైద్యుడికి కూడా అందజేయండి, ఆసుపత్రికీ పశువుల ఆసుపత్రికీ మధ్య ఈ కబురు తనంతట తాను చేరుతుందని అనుకోకూడదు. నమూనాల ఫలితం వచ్చేవరకు మిగిలిన జంతువులను అమ్మడం, మరో చోటికి తరలించడం, కొత్తవాటిని తెచ్చి మందలో కలపడం ఆపివేయాలి.